కుందేటి సీమ నీరు: కాఠిన్యము, శుద్ధి

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదువబడిన ఉపన్యాసము)



కోయిలకుంట్ల పేరు రెండు విధములుగా గ్రంథములకెక్కినది. చరిత్రకారులు ఈ యూరిని ఉయ్యాలవాడ నరసింహారెడ్డితో ముడివెట్టి తలంతురు. 1846లో ఇచ్చటి ఖజానాపై దండెత్తిన ఆ వీరుడు 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఇచ్చటనే ఉరికంబమెక్కెను. ఈ కథ పిల్లలకును తెలిసినదే. రెండవ ప్రసిద్ధి అంతగా తెలియనిది. భూగర్భశాస్త్ర గ్రంథములలో 'కోయిలకుంట్ల సున్నపురాయి' అను పేరొకటి కలదు. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు కడప, కర్నూలు సీమల శిలలను పరిశీలించి 1872లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. అందు శిలల పొరలకు పెక్కింటికి ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లే కానవచ్చును. అడుగున బనగానపల్లె ఇసుకరాళ్లు, వాటిపై నార్జి సున్నపురాళ్లు, అవుకు పలకరాళ్లు, పాణ్యపు గట్టిరాళ్లు, ఆపైన కోయిలకుంట్ల సున్నపురాళ్లు, అన్నిటికంటె పైన నంద్యాల పలకరాళ్లు. పై రెండు పొరలను కలిపి కుందేటి పేరుతో నొక వర్గముగా నెంచిరి.

ఇంటింట నీళ్లు కాచు పాత్ర అడుగున పేరుకొను తెల్లని పెచ్చునకును, ఆ గ్రంథమునందలి పేరునకును దగ్గర సంబంధము కలదు. ఆ సంబంధమును వివరించుట ఈ ఉపన్యాసమునకు మొదటి పని. ఆ పెచ్చునకు భయపడవలసినదెంత, అంతకంటె భయపడవలసినవి వేరే యేమున్నవి అని తేల్చుట రెండవ పని. రెండవదే ముఖ్యము. ఏలయన కంటికి కనబడు దోషమునకు జడిసి, కంటికి కనబడని దోషమును మరచువాడు నీటి విషయమున మోసపోవును.

రాయి నీటిలో కరగు విధము

వానచినుకు మేఘమునుండి జారునప్పుడు దాదాపు శుద్ధజలము. అందు సున్నము లేదు, ఉప్పు లేదు. గాలిలో దిగివచ్చుచు అది కొంచెము కార్బన్ డయాక్సైడును, అనగా బొగ్గుపులుసు వాయువును కరగించుకొనును. నేలలో నింకిన తరువాత ఈ వాయువు మరింత లభించును. పైరుల వేళ్లును, మట్టిలోని సూక్ష్మజీవులును నిరంతరము శ్వాసించుచు దానిని విడుచుచుండుటచే, మట్టి సందులలోని గాలియందు ఇది పైగాలిలోకంటె అనేక రెట్లు హెచ్చుగా నుండును. గోలీసోడా త్రాగినప్పుడు నాలుకను చురుక్కుమనిపించు పులుపు ఈ వాయువు వలన కలిగినదే. అట్టి బలహీనమైన ఆమ్లముతో కూడిన నీరు క్రిందికి దిగి సున్నపురాతిని తాకును.

సున్నపురాయి రసాయనశాస్త్ర పరిభాషలో కాల్షియం కార్బొనేటు. అది వట్టి నీటిలో కరగదనియే చెప్పవచ్చును. లీటరు శుద్ధజలమున సుమారు 14 మిల్లీగ్రాములు మాత్రమే కరగును. కాని బొగ్గుపులుసు వాయువుతో కూడిన నీరు తగిలినచో ఆ రాయి కాల్షియం బైకార్బొనేటుగా మారి, లీటరునకు కొన్ని వందల మిల్లీగ్రాముల వరకు కరగిపోవును. ఆమ్లమునకు సున్నపురాయి లొంగుననుటకు ప్రయోగశాల అక్కరలేదు. నాపరాయి పరచిన యింటిలో నిమ్మరసము ఒలికినచోట బండ మెరుగు పోయి తెల్లని మచ్చ పడుట ఇల్లాండ్రు ఎరిగినదే. నిమ్మరసము కొద్ది నిమిషములలో చేయు పనిని బొగ్గుపులుసు నీరు వేలయేండ్లు ఓపికగా చేయుచుండును.

ఆ ఓపిక ఎంతటిదో చూడగోరువారు కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలకు పోవలెను. 3,229 మీటర్ల మేర కొలువబడిన ఆ గుహలను ఏ శిల్పియు త్రవ్వలేదు. సున్నపురాతి నెర్రెలలో పారిన నీరే రాతిని కొద్దికొద్దిగ తనలో కలిపికొని పోయినది. అచ్చటనే దీనికి విపర్యయమైన క్రియయు కానవచ్చును. గుహ కప్పునుండి జారు నీటిబొట్టు గాలి తగిలి తనలోని బొగ్గుపులుసు వాయువును విడిచినంతనే, కరగియున్న సున్నము మరల రాయియై అచ్చటనే పేరుకొనును. వేలాడు రాతి ఊడలు అట్లేర్పడినవి. గుహలలోనుండి పోయిన రాయి ఎచటికి పోయినది? ఏటిలోనికిని, బావులలోనికిని, అచ్చటనుండి బిందెలలోనికిని పోయినది. నీళ్లు కాచినప్పుడు పాత్రకు పట్టు పెచ్చు బెలుం గుహలలోని రాతి ఊడకు తోబుట్టువు. వేడిచే వాయువు త్వరగా వెడలిపోవుటచే గుహలో వేలయేండ్లకు జరుగు పని పొయ్యిమీద గడియలో జరుగును.

ఈ విధముగా కాచినంతనే విడిపోవు కాఠిన్యమునకు తాత్కాలిక కాఠిన్యమని పేరు. అది కాల్షియం, మెగ్నీషియముల బైకార్బొనేటుల వలన కలుగును. ఆ లోహములే సల్ఫేటులుగను, క్లోరైడులుగను నీటిలో నున్నచో ఎంత కాచినను విడిపోవు. అది శాశ్వత కాఠిన్యము. సున్నపురాళ్ల బావిలో మొదటిది హెచ్చుగ నుండుట సహజము. లవణములు పేరుకొన్న నల్లరేగడిలో నిలిచిన నీటికి రెండవదియు తోడగును. కావున ఒకే యూరిలో ఒక బావినీరు కాచినంతనే మెత్తబడుటయు, మరియొక బావినీరు కాచినను మారకుండుటయు వింత కాదు.

కాఠిన్యమును లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటునకు సమానమో చెప్పి కొలుతురు. 60 లోపున్నది మృదుజలము. 180 దాటినది మిక్కిలి కఠినజలము. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణము ప్రకారము 200 వరకు వాంఛనీయము. వేరు ఆధారము లేనిచోట 600 వరకు అంగీకరింపవచ్చును. ఈ రెండు సంఖ్యలును జ్ఞాపకముంచుకొనదగినవి.

వంటయింటను చాకిరేవునను

కఠినజలముతో మొదట కష్టపడువారు స్త్రీలును, రజకులును. సబ్బు అనునది కొవ్వునుండి పుట్టిన ఆమ్లములకును సోడియమునకును కలిగిన కూడిక. కఠినజలములోని కాల్షియం ఆ సోడియమును నెట్టి తాను ఆ చోట కూర్చుండును. అట్లేర్పడిన కాల్షియం సబ్బు నీటిలో కరగదు, నురుగీయదు. అది బూడిదరంగు మడ్డియై బట్టకును బకెట్టునకును అంటుకొనును. నీటిలోని కాల్షియమంతయు ఇట్లు తీరినగాని మిగిలిన సబ్బు తన పనికి పూనుకొనదు.

నష్టమెంతయో లెక్క వేయవచ్చును. ఒక గ్రాము కాల్షియం కార్బొనేటునకు సమానమైన కాఠిన్యము సుమారు 6 గ్రాముల శుద్ధమైన సబ్బును చంపును. 500 కాఠిన్యము గల నీరు 20 లీటర్ల బకెట్టులో 10 గ్రాముల కాఠిన్యమును దాచుకొనియుండును. అనగా ఆ బకెట్టు నీరు బట్ట మురికిని తాకకమునుపే సుమారు 60 గ్రాముల సబ్బును మ్రింగును. బీదకుటుంబమునకిది చిన్న సుంకము కాదు. నేటి డిటర్జెంటు పొడులు కాల్షియముతో ఇట్టి మడ్డిగా మారవు గనుక ఈ బాధ కొంత తగ్గినది.

పూర్వులు ఈ శాస్త్రమును చదువలేదు గాని దాని ఫలమునెరుగుదురు. చాకిరేవున బట్టలకు చౌడుమన్ను వాడుట అందులకే. చౌడులో సోడియం కార్బొనేటు కలదు. అది నీటిలోని కాల్షియమును సున్నముగా విరిచి అడుగునకు దింపును. అంగడిలో దొరకు బట్టలసోడా చేయునదియు నీ పనియే. తలంటునకు కుంకుడుకాయను, శీకాయను ఏర్పరచుటయు నిట్టిదే. వాటిలో నురుగునిచ్చు సాపోనిన్ అను పదార్థము కాల్షియముతో కూడి మడ్డి కాదు. కావున సబ్బు ఓడిన బావినీటిలో కుంకుడురసము నురుగుకట్టును.

పప్పు ఉడకకుండుటయు నీటి దోషమే. గింజ కణములను అంటించి పట్టియుంచు పెక్టిన్ అను జిగురు కాల్షియముతో కూడినచో బిగిసిపోవును. అందుచే కందిపప్పు ఎంత మంట పెట్టినను పలుకుగనే యుండును. కొందరు చిటికెడు వంటసోడా వేయుదురు. దానివలన పప్పు మెత్తబడుట నిజమే గాని ఎక్కువైనచో రుచియు, కొన్ని పోషకములును చెడును. కాచి చల్లార్చి, తేరిన నీటిని వంచుకొని పప్పునకు వాడుట అంతకంటె మేలు.

ఇచ్చట నొక చిన్న ప్రయోగము చెప్పదగినది. బడిపిల్లలును చేయవచ్చును. ఒకే కొలతగల మూడు గాజుసీసాలు తీసికొని, ఒకదానిలో పట్టిన వాననీరు, ఒకదానిలో కాలువనీరు, ఒకదానిలో బోరునీరు సమానముగ పోయవలెను. సబ్బును వాననీటిలో కరగించి ఆ ద్రవమును చుక్కలు చుక్కలుగ వేయుచు, ప్రతిమారు మూత బిగించి కుదుపవలెను. నురుగు అయిదు నిమిషములు నిలుచువరకు ఎన్ని చుక్కలు పట్టినవో వ్రాసికొనవలెను. వాననీటికి కొన్ని చుక్కలే చాలును. బోరునీరు చుక్కలను మ్రింగుచునే యుండును. స్కాట్లండులోని ఆబర్డీన్ నగరమునకు చెందిన టామస్ క్లార్కు అను రసాయనశాస్త్రాచార్యుడు పందొమ్మిదవ శతాబ్దిలో నీటి కాఠిన్యమును ఈ పద్ధతిచేతనే కొలిచెను.

కాఠిన్యమును తీయు ఉపాయములు

ఆ క్లార్కు 1841లో కాఠిన్యమును తీయు నొక పద్ధతికి హక్కుపత్రము పొందెను. అది వినుటకు విచిత్రముగ నుండును. సున్నము వలన చెడిన నీటిలో మరికొంత సున్నము కలుపుమనెను. ముల్లును ముల్లుతోనే తీయవలెనను సామెత ఇచ్చట అక్షరాల చెల్లును. తడిసున్నము నీటిలో దాగిన బొగ్గుపులుసు వాయువును పట్టుకొనగా, కరగియున్న సున్నమును క్రొత్త సున్నమును రెండును రాయియై అడుగునకు దిగును. అయితే సున్నము కొలత ప్రకారము పడవలెను. తక్కువైనచో ఫలము సగమే. ఎక్కువైనచో నీరు కారమై నోరు కాల్చును. కావున ఇది పెద్ద నీటి కర్మాగారములకు తగినదే గాని, కొలత తెలియక కడవలో చేయదగినది కాదు. శాశ్వత కాఠిన్యమునకు సున్నముతోపాటు సోడాను గూడ చేర్తురు.

మరియొక ఉపాయము మట్టినుండి నేర్చినది. 1850లో టామస్ వే అను ఆంగ్ల రసాయనజ్ఞుడు మట్టిద్వారా ఎరువునీటిని వడగట్టి ఒక వింత చూచెను. నీటిలోని అమోనియాను మట్టి పట్టుకొని, తనలోని సున్నమును బదులుగ విడిచెను. బంకమట్టి కణములు ఒక మూలకమును పుచ్చుకొని మరియొకదానిని ఇచ్చు వర్తకులవంటివని అప్పుడు తేలినది. కుందేటి లోయలోని నల్లరేగడి ఇట్టి వర్తకములో మిక్కిలి నేర్పరి. నేటి మృదుజల యంత్రములోని జిగురుగుళికలు చేయునదియు ఈ వర్తకమే. అవి కాల్షియమును పట్టుకొని సోడియమును విడుచును. సోడియం తీరినప్పుడు ఉప్పునీటితో కడిగినచో మరల పనికి వచ్చును. 1935లో ఆడమ్సు, హోమ్సు అను ఇరువురు ఆంగ్లేయులు ఇట్టి కృత్రిమ గుళికలను కనుగొనిరి.

ఇందు రైతులు గమనింపవలసిన విషయమొకటి కలదు. 500 కాఠిన్యమును ఈ యంత్రముతో పూర్తిగ తీసినచో, లీటరునకు సుమారు 230 మిల్లీగ్రాముల సోడియం నీటిలో చేరును. స్నానమునకును బట్టలకును అది బాధింపదు. రక్తపుపోటుచే ఉప్పు తగ్గించుకొనవలసినవారు మాత్రము అట్టి నీటిని త్రాగుటకు వెనుదీయవలెను. పొలమునకు పెట్టినచో అంతకంటె చేటు. రేగడి కణములు తమ కాల్షియమును విడిచి సోడియమును పుచ్చుకొనును. అప్పుడు మట్టి విడివడి, తడిసిన జిగటయై, ఎండిన బండయై చౌడు నేలగా మారును. చౌడును బాగుచేయుటకు జిప్సము వేయుట ఏమి? పోయిన కాల్షియమును మరల నేలకిచ్చుటయే. సబ్బునకు శత్రువైన సున్నమే నేలకు మిత్రము. నీటిగుణము వాడుకనుబట్టి నిర్ణయమగునే గాని దానంతట మంచిదియు చెడ్డదియు కాదు.

కాఠిన్యమే రోగమా?

కఠినజలము త్రాగినచో మూత్రపిండములలో రాళ్లు పుట్టునని లోకమున గట్టి నమ్మకము కలదు. పాత్రలో రాయి పుట్టుట చూచినవారు దేహములోను అట్లే జరుగునని తలచుట సహజము. కాని దేహము పొయ్యిమీది పాత్ర కాదు. మూత్రపిండములలోని రాళ్లు పెక్కు కాల్షియం ఆక్జలేటు. వాటికి ముఖ్యమైన హేతువులలో నొకటి, ఎండలో పనిచేయుచు చాలినంత నీరు త్రాగకుండుట. నీటి కాఠిన్యమే వాటికి కారణమని ఇంతవరకు జరిగిన పరిశోధనలు స్థాపింపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఆరోగ్యదృష్టితో కాఠిన్యమునకు హద్దు విధింపలేదు. కాల్షియం, మెగ్నీషియం రెండును దేహమునకు కావలసినవే. మెగ్నీషియం సల్ఫేటు మిక్కుటమైనచో విరేచనము కలుగుననుట మాత్రము సత్యము. రాళ్లకు భయపడి నీరు త్రాగుట తగ్గించువాడు తాను తప్పించుకొనదలచిన ఆపదకే ఎదురు పోవుచున్నాడు.

భయపడదగిన శత్రువులు వేరు. వారు మువ్వురు. మొదటివాడు రోగక్రిమి. వానికి రంగు లేదు, రుచి లేదు, పాత్రకు పెచ్చు కట్టడు. 1892లో జర్మనీలోని హాంబుర్గు నగరమున కలరా చెలరేగి ఎనిమిదివేలమందికి పైగా మరణించిరి. దానికి ఆనుకొనియే నాడు ఆల్టోనా అను మరియొక నగరము ఉండెను. రెండు నగరములును ఎల్బే నది నీరే త్రాగుచుండెను. పైపెచ్చు ఆల్టోనా దిగువనుండుటచే హాంబుర్గు మురికి కలసిన నీరే దానికి దొరకుచుండెను. అయినను ఆల్టోనాలో కలరా వ్యాపింపలేదు. ఏలయన వారు నీటిని ఇసుక పడకలలో నెమ్మదిగా వడగట్టి త్రాగుచుండిరి. హాంబుర్గువారు వడగట్టుటలేదు. నది ఒకటే, కాఠిన్యము దాదాపు ఒకటే. ప్రాణములు నిలిపినది ఇసుక.

రెండవ శత్రువు ఫ్లోరైడు. భారతదేశమున దీని రోగమును మొదట గుర్తించినది తెలుగుదేశముననే. నాటి నెల్లూరు జిల్లాలోనివై, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పల్లెలలో వంగిన వెన్నులు, బిగిసిన కీళ్లు గలవారిని పరీక్షించి, షార్టు మొదలగు వైద్యులు 1937లో ఆ రోగమును లోకమునకు తెలిపిరి. లీటరునకు ఒక మిల్లీగ్రాము వరకు వాంఛనీయము, 1.5 దాటరాదు. ఇచ్చట రసాయనశాస్త్రము ఒక సూక్ష్మమును చెప్పుచున్నది. కాల్షియం హెచ్చుగనున్న నీటిలో ఫ్లోరైడు దానితో కూడి విడిపోవుటచే సాధారణముగ తక్కువగ నుండును. కాల్షియం తగ్గి సోడియం బైకార్బొనేటు పెరిగిన నీటిలో, అనగా సబ్బునకు మెత్తగ తోచు నీటిలో, ఫ్లోరైడు పెరుగుటకు అవకాశము హెచ్చు. కాబట్టి నాలుకకు కమ్మగను, సబ్బునకు మెత్తగను ఉన్నదను కారణముచే బోరునీటిని నమ్మరాదు. కఠినముగ నున్నదను ధైర్యముచే పరీక్ష మానరాదు.

మూడవ శత్రువు నైట్రేటు. పేడదిబ్బ, మరుగుదొడ్డి గుంట, మోతాదు మించిన ఎరువు - వీటి చెంతనున్న లోతులేని బావిలో ఇది చేరును. లీటరునకు 45 మిల్లీగ్రాములు మించినచో, ఆ నీటితో పాలు కలిపి పట్టిన పసికందుల రక్తము ప్రాణవాయువును మోయజాలక ఒడలు నీలివర్ణమగు ప్రమాదము కలదు.

ఏ దోషమునకు ఏ మందు

వైద్యుడు ఒకే మాత్రను అన్ని రోగములకు ఇయ్యడు. నీటి శుద్ధియు నట్టిదే. ఏ పద్ధతి దేనిని తీయును, దేనిని తీయజాలదు అను వివేకము ముఖ్యము.

వరదకాలపు కుందేటి నీటివంటి బురదనీటికి పటిక మందు. ఋణవిద్యుత్తుచే ఒకదానినొకటి తోసికొనుచున్న బంకకణములను పటిక ఒకచోట చేర్చి ముద్దలుగ దింపును. పూర్వము ఇండుపగింజను బాన లోపల అరగదీయుట ఇందులకే. సంస్కృతమున కతకమనబడు ఆ గింజను సుశ్రుతసంహిత నీటిని తేర్చు వస్తువులలో పేర్కొన్నది. కాని పటికయు ఇండుపగింజయు నీటిని తేటపరచునే గాని కాఠిన్యమును తీయవు, క్రిములనన్నిటిని చంపవు. తేటనీరు వేరు, శుద్ధమైన నీరు వేరు.

కాచుట క్రిములకు నమ్మదగిన మందు. నీరు తెర్లి పొంగులు వచ్చిన తరువాత ఒక నిమిషము కాగినచో చాలును. తాత్కాలిక కాఠిన్యమును తగ్గించుట దానికి అదనపు ఫలము. కాని కాచుట ఫ్లోరైడును, నైట్రేటును తీయదు. నీరు ఆవిరియై తగ్గినకొలది అవి మరింత చిక్కబడును.

ఊరంతటికి చౌకయైన మందు బ్లీచింగు పౌడరు. మంచి పొడియైనచో 1,000 లీటర్లకు 2.5 గ్రాములు చాలును. బావిలోని నీటిని కొలుచుటకు బావి అడ్డుకొలతను మీటర్లలో తీసికొని దానిని దానితోనే హెచ్చించి, నీటి లోతుచేతను 3.14 చేతను గుణించి, 4 చే భాగించి, 1,000 చే హెచ్చింపవలెను. అడ్డుకొలత 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు గల బావిలో సుమారు 28,260 లీటర్లుండును. దానికి 71 గ్రాముల పొడి కావలెను. ఆ పొడిని బకెట్టులో కొద్ది నీటితో ముద్దచేసి, మరికొన్ని నీళ్లు పోసి కలిపి, సున్నము అడుగునకు దిగనిచ్చి, పై తేటను మాత్రమే మరియొక బకెట్టులోనికి వంచి బావిలో దింపి కలుపవలెను. అడుగు సున్నమును బావిలో పోసినచో కాఠిన్యము పెరుగును. ఒక గంటసేపు నీరు తోడరాదు. రాత్రి వేసి ఉదయము తోడుట మేలు. తరువాత పరీక్షాద్రవముతో చూచినప్పుడు లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. ఆ కొంచెపు వాసనకు విసిగి 'మందునీరు' అని పారబోయువారు కలరు. ఆ వాసన కావలివాని దగ్గువంటిది. కావలివాడు మెలకువగ నున్నాడని అది తెలుపును. బురదనీటిలో వేసిన క్లోరిన్ బురదతోనే తీరిపోవును గనుక ముందు తేటపరచి పిదప వేయవలెను. మూతలేని డబ్బాలో చెమ్మగిలిన పొడికి సత్తువ ఉండదు.

ఫ్లోరైడునకు తెలుగు జిల్లా పేరుతో లోకప్రసిద్ధమైన పద్ధతి కలదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటికను, సున్నమును, బ్లీచింగు పౌడరును కొలత ప్రకారము కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టు విధానమును రూపొందించి దానికి నల్గొండ పద్ధతియని పేరిడిరి.

ఇక నేడు ఊరూర వెలసిన శుద్ధజల యంత్రములు. ఒత్తిడిచే నీటిని సన్నని పొరగుండ నెట్టు ఈ విధానము కాఠిన్యమును, ఫ్లోరైడును, నైట్రేటును, ఉప్పును అన్నిటిని తగ్గించును. కావలసినచోట అది ఉపకారియే. కాని దానికి మూడు లోపములు కలవు. తీసికొన్న నీటిలో చాల భాగమును ఉప్పుతో చిక్కబరచి కాలువపాలు చేయును. మేలు చేయు ఖనిజములనుగూడ తీసివేయును. వెలువడిన నీటిలో క్లోరిన్ కావలి లేనందున, కడుగని క్యానులో పోసి మురికి గ్లాసు ముంచినచో క్రిములు మరల చేరును. పాత్రకు పెచ్చు కట్టుటలేదని ఆ నీటిని కొని, బిడ్డకు అతిసారము ఎందుకు వచ్చినదో తెలియక కలతచెందు తల్లులు కలరు. పెచ్చు పోయినది, క్రిమి పోలేదు. ఫ్లోరైడు, నైట్రేటు లేనిచోట కాఠిన్యము 600 లోపున్నచో, కాచిన నీరో క్లోరిన్ కలిపిన నీరో మూతగల పాత్రలో ఉంచి, పిడిగల గరిటెతో ముంచుకొనుట కుటుంబమునకు చాలిన రక్షణ.

సాధారణముగ కాలువనీరు బోరునీటికంటె మృదువు. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టనుండి వచ్చు కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు పందొమ్మిదవ శతాబ్దిలో త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. రాయలసీమలో అనేక గ్రామములకు కాలువల నీటిని వేసవి చెరువులలో నింపి, ఇసుక పడకలలో వడగట్టి పంపుదురు. ఇది ఆల్టోనాను కాపాడిన విధానమే. అయితే ఇసుకపడక ప్రాణముగల వస్తువు. దాని పైపొరలో పెరుగు సన్నని జీవపుజిగురే క్రిములను ఆపును. దానిని వేళకు గీసి శుభ్రపరచనిచో కట్టడము నిలుచును గాని పని నిలిచిపోవును.

గ్రంథాలయము చేయదగిన పని

ఇంత విన్న పిమ్మట గ్రామస్థునకు ఒక ప్రశ్న తోచును: తన బావి ఏ జాతిది? దానికి సమాధానము ఏ ఉపన్యాసమునను లేదు, పరీక్షలో నున్నది. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన పథకము క్రింద ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని విధించిరి. చేతిపెట్టెతోనే కాఠిన్యము, ఫ్లోరైడు, నైట్రేటు, మిగులు క్లోరిన్ చూడవచ్చును. కాని పరీక్షించిన సంఖ్య చీటిపైననే చిరిగిపోయినచో ఫలమేమి?

కర్నూలున జన్మించి గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావువంటి పెద్దలు, అక్షరము జీవితమునకు అక్కరకు రావలెనని కోరిరి. గ్రంథాలయమున పత్రికలున్నవి, పురాణములున్నవి, నవలలున్నవి. వాటి సరసన ఒక నీటిపుస్తకము ఉండదగును. అందు ఊరిలోని ప్రతి బావికి, ప్రతి బోరుకు, ప్రతి కుళాయికి ఒక పుట కేటాయింపవలెను. వానలకు ముందొకసారి, వెనుకనొకసారి పరీక్షించి, తేదీతో సంఖ్యలను వ్రాయవలెను. బావికి బ్లీచింగు వేసిన దినమును వ్రాయవలెను. వ్రాయగలిగిన పిల్లలు వ్రాయుదురు. చదువనేరనివారికి చదివి వినిపింతురు. పది సంవత్సరములు నడచినచో ఆ పుస్తకము ఊరి ఆరోగ్యచరిత్ర యగును. ఏ బోరులో ఫ్లోరైడు పెరుగుచున్నదో, ఏ బావికి పేడదిబ్బ చేటు తెచ్చుచున్నదో రోగము రాకమునుపే తెలియును.

విలియం కింగు ఈ నేలలోని రాళ్లను చదివి వాటికి ఈ యూరి పేరు పెట్టెను. ఆ రాళ్లు కరగిన నీటిని చదువుట ఈ యూరివారి వంతు. పాత్రలోని పెచ్చును చింతపండుతో తోమి వదలింపవచ్చును. అజ్ఞానపు పెచ్చును వదలించుటకే గ్రంథాలయము వెలసినది.